నాణెం కంటే అది దొరికిన చోటు విలువైనది
ఊరి చరిత్ర సంఘంలో ఎవరి బాధ్యత ఏమిటి?

పాటిగడ్డ అంటే తెలియని రైతు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఉండడు. ఊరి శివారున, వాగు ఒడ్డున, బూడిద రంగు మట్టితో కొంచెం ఎత్తుగా కనిపించే దిబ్బ అది. ఎండాకాలం రాగానే ఆ మట్టిని ఒకప్పుడు బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద చెల్కలకు తోలుకుంటారు. పాటిమట్టి వేస్తే పంట బాగుంటుందని పెద్దల మాట. ఆ మాటలో నిజం లేకపోలేదు. వందల ఏండ్లు మనుషులు కాపురం చేసి, పొయ్యి బూడిద, పశువుల పెంట, తిని పారేసిన బొక్కలు అన్నీ కలిసిన మట్టి గనుకనే దానికి ఆ బలం వచ్చింది. అయితే ఆ మట్టితోపాటు కుండ పెంకులు, పూసలు, ఇటుక ముక్కలు, ఒక్కొక్కసారి నాణేలు కూడా చేనులోకి పోతున్నాయి. పంటకు మేలు జరుగుతున్నది గాని, ఆ ఊరు ఎప్పటిదో చెప్పే సాక్ష్యం మాత్రం చెదిరిపోతున్నది.

ఈ సాక్ష్యాన్ని కాపాడేది ఎవరు? హైదరాబాదులోని పురావస్తు శాఖ ఊరూరికి ఒక మనిషిని పెట్టగలిగేది కాదు. మ్యూజియం తన గోడల లోపల ఉన్నదాన్ని కాపాడగలదు. గుట్ట మీది బొమ్మలకు, చెరువు కట్ట మీది శాసనానికి, పాటిగడ్డకు రోజూ కాపలా ఉండగలిగేది ఊరివాళ్లే. అందుకనే ఊరికి గాని, నాలుగైదు ఊళ్లకు కలిపి గాని ఒక చరిత్ర సంఘం ఉండాలని తెలిసినవారు చాలాకాలంగా చెబుతున్నారు. కాని సంఘం అంటే బోర్డు కట్టి, దండలు వేసి, గ్రూపు ఫోటో దిగడంతో సరిపోదు. ఎవరు ఏ పని చేయాలి, ఏది చేయకూడదు అన్నది మొదటి రోజే తేలాలి. అట్లా తేల్చుకోని సంఘాలు మొదటి వార్షికోత్సవం దాకా కూడా నిలవవు.

కోటిలింగాల చెప్పిన పాఠం

గోదావరిలో పెద్దవాగు కలిసే చోట వెల్గటూరు మండలం కోటిలింగాల ఉన్నది. ఇదివరకు కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబరు నుండి జగిత్యాల జిల్లా. అక్కడి దిబ్బ మీద వానలకు పైకి తేలిన చిన్నచిన్న నాణేలను ఊరి జనం ఏరుకునేవారు. రాగివీ, సీసంవీ కనుక అంగట్లో వాటికి విలువ కట్టేవారు లేరు. వాటి విలువ తెలుసుకుని ఓపికగా సేకరించి పండితుల దృష్టికి తెచ్చిన వ్యక్తి సంగనభట్ల నరహరిశర్మ గారు. ఆయన పురావస్తు శాఖ ఉద్యోగి కాదు. ఆ నాణేలను శాసన పరిశోధకులు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు పరిశీలించి చదివారు. 1979 నుండి డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో ప్రభుత్వ శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది.

ఆ నాణేల మీద చరిత్ర పుస్తకాలు అంతవరకు ఎరుగని పేర్లు కనిపించాయి. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే రాజుల పేర్లవి. వారు శాతవాహనుల కంటే ముందటి వారని పండితులు చెప్పారు. శాతవాహన వంశానికి మొదటివాడని పురాణాలు చెప్పే సిముకుని నాణేలు కూడా అక్కడ దొరికాయి. శాతవాహనుల తొలి గడ్డ పైఠాన్, నాసిక్ ప్రాంతమనే అభిప్రాయం అంతవరకు బలంగా ఉండేది. కోటిలింగాల నాణేలు వచ్చిన తరువాత, ఆ వంశం పుట్టుక గోదావరి నడుమ భాగంలో మన వైపే జరిగి ఉంటుందనే వాదానికి బలం చేకూరింది. ఈ చర్చ పండితుల మధ్య ఇంకా నడుస్తున్నది. కాని కోటిలింగాల పేరెత్తకుండా శాతవాహనుల చరిత్ర ఇప్పుడు ఎవరూ రాయలేరు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నాణెం చేతులు మారే వస్తువు. వ్యాపారి మూటలో వంద కోసులు పోతుంది. ఒక రాజు నాణెం ఒకటి ఎక్కడో కనిపించినంత మాత్రాన ఆ రాజు అక్కడ ఏలినట్లు కాదు. ముందటి రాజులవి, తరువాతి రాజులవి ఒకే దిబ్బ మీద వరుసగా దొరికినప్పుడే అది సాక్ష్యమవుతుంది. అవే నాణేలు పట్నంలో పాత నాణేల వ్యాపారి గల్లాపెట్టెలోకి పోయి ఉంటే, వాటి మీది పేర్లు చదవగలిగేవారేమో గాని, అవి ఎక్కడివో ఎవరూ చెప్పగలిగేవారు కాదు. తల్లిదండ్రులెవరో తెలియని పిల్లవాని వలె మిగిలిపోయేవి. నాణెం విలువ సగం దాని మీది అక్షరంలో ఉంటే, తక్కిన సగం అది దొరికిన చోటులో ఉంటుంది. ఆ చోటు చెప్పగలిగేది ఊరి మనిషి ఒక్కడే.

పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో, బౌద్ధ స్తూపం బయటపడిన ధూళికట్టలో 1960, 70 దశకాల్లో తవ్వకాలు జరిగి శాతవాహన కాలపు నాణేలు, ఇటుక కట్టడాలు, చేద బావులు వెలుగుచూశాయి. జిల్లా అంతా తిరిగి పాత దిబ్బలను, రాతి పనిముట్లను గుర్తించిన ఔత్సాహికుల్లో ఠాకూర్ రాజారాంసింగ్ గారి పేరు ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. తవ్వేది శాఖవారే అయినా, చాలాచోట్ల మొదటి కబురు ఊరి నుండే పోయింది.

పాత తరం వేసిన బాట

మన వైపు ఈ పని కొత్తది కాదు. 1922లో హైదరాబాదులో ఆదిరాజు వీరభద్రరావు గారు మొదలైన పెద్దలు ఒక పరిశోధక సంఘం పెట్టారు. 1923లో కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు మరణించిన పిమ్మట దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు వచ్చింది. శేషాద్రి రమణ కవుల వంటివారు ఊరూరు తిరిగి శాసనాల నకళ్లు, తాళపత్ర గ్రంథాలు సేకరించేవారు. బస్సులు లేని రోజులవి. నిజాం రాజ్యంలో తెలుగులో సభ పెట్టుకోవడమే కష్టమైన కాలం. అయినా 1935లో ఆ మండలి "తెలంగాణా శాసనములు" అనే గ్రంథాన్ని అచ్చువేయగలిగింది. రెండవ భాగం 1960లో వెలువడింది.

1974లో ప్రభుత్వ శాఖ కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటాన్ని విడిగా ప్రచురించింది. ఇప్పుడు కొత్త తెలంగాణ చరిత్ర బృందం అనే పేరుతో శ్రీరామోజు హరగోపాల్ గారు, ఆయన మిత్రులు ఇదే పనిని స్వచ్ఛందంగా చేస్తున్నారు. ఊళ్లలోని సభ్యులు చూసిన శిల్పం, శాసనం ఫోటోలు పంపితే చదవగలిగినవారు చదివి చెబుతారు. వందేండ్ల కింద నడిచిపోయి చేసిన పని ఇప్పుడు చేతిలోని ఫోనుతో జరుగుతున్నది. అయితే ఫోను ఎంత మంచిదైనా, బండ దగ్గరికి పోయి నిలబడే మనిషి మాత్రం కావాలి.

ఏడుగురు చాలు, పనులు వేరు

సంఘానికి వందమంది సభ్యులు అక్కరలేదు. ఏడెనిమిది మంది ఉన్నా, ఒక్కొక్కరికి ఒక పని అప్పజెప్పితే చాలు. ఆ పనులు ఇవి.

అధ్యక్షుడు: ఊరిలో అందరి మాట వినే మనిషి కావాలి. చదువు కంటే తటస్థత ముఖ్యం. గుడి ఎవరు కట్టించారు, బురుజు ఏ వంశం వారిది, ఊరికి పేరెట్లా వచ్చింది అనే దగ్గర పంతాలు వస్తాయి. ఒక కులం వారు ఒక కథ చెబితే ఇంకొకరు వేరొకటి చెబుతారు. అధ్యక్షుడు తీర్పరి కాకూడదు. రెండు కథలూ, చెప్పినవారి పేర్లతో సహా, పుస్తకంలోకి ఎక్కేటట్లు చూడడం ఆయన బాధ్యత. సంఘం ఎన్నికల మెట్టు కాకుండా చూసుకోవలసింది కూడా ఆయనే.

కార్యదర్శి: సంఘానికి ప్రాణం రిజిస్టరు. రెండు వందల పేజీల కట్టు పుస్తకం ఒకటి చాలు. ఏ వస్తువు, ఏ తేదీన, ఏ సర్వే నంబరులో, ఎంత లోతున, ఎవరికి కనిపించింది, చూసిన సాక్షులెవరు, దానిని ఎవరికి అప్పజెప్పారు అనే గళ్లు గీసుకోవాలి. తెలిసినంతే రాయాలి. "కాకతీయుల కాలం నాటిది" అని ఊహించి రాస్తే తరువాతి వారు దానినే నిజమనుకుంటారు. "నల్లరాయి, రెండు మూరల ఎత్తు, పైన సూర్యచంద్రులు, కింద పన్నెండు పంక్తులు" అని రాస్తే, అది యాభై ఏండ్ల తరువాత కూడా పనికివస్తుంది.

తిరిగి చూసేవారు: ఇద్దరు ముగ్గురు కావాలి. ఊరి పరిధిలోని గుట్ట, కోట గోడ, పాడుబడ్డ గుడి, పాత బావి, వీరగల్లు, పాటిగడ్డ అన్నిటికీ జాబితా కట్టి, ఒక్కొక్కటి ఒక్కొక్కరికి పంచుకోవాలి. నెలకు ఒకసారి పోయి చూసి, "ఉన్నది" లేక "ఫలానా మార్పు వచ్చింది" అని రిజిస్టరులో సంతకం చేయాలి. గొర్రెలు కాసేవారు, ఉపాధి పని చేసేవారు, జేసీబీ నడిపే పిల్లలు ఈ పనికి చాలా పనికివస్తారు. మట్టి కదిలే చోట అందరికంటే ముందు ఉండేది వారే గదా.

నకలు తీసేవారు: చేతిలో మంచి ఫోను, ఓపిక ఉన్న యువకుడో యువతో చాలు. శాసనం అక్షరాలు మిట్టమధ్యాహ్నపు ఎండలో కనిపించవు. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు లోతుగా చెక్కిన గీతలో నీడ నిలుస్తుంది. చీకటి పడిన తరువాత పక్క నుండి టార్చి లైటు వేసినా అదే ఫలితం వస్తుంది. రాయికి నాలుగు పక్కలా తీయాలి. పక్కన స్కేలు పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. ఆఖరున రాయి, దాని చుట్టుపక్కల చెట్టూ చేమా కనబడేటట్లు ఒక ఫోటో తప్పక ఉండాలి. మట్టి అంటితే నీళ్లు, మెత్తని బ్రష్షు తప్ప మరేదీ వాడకూడదు. సున్నం, నూనె, రంగు, యాసిడ్, ఇనుప బ్రష్షు తగిలితే అక్షరం శాశ్వతంగా పోతుంది. భక్తితో పూసిన రంగు కూడా అంత పనీ చేస్తుంది.

వినేవారు: ఇది ఆడవాళ్లు బాగా చేయగలిగిన పని. బతుకమ్మ పాటల్లో, నాట్ల పాటల్లో, అవ్వలు చెప్పే ముచ్చట్లలో ఊరి సంగతులు ఎన్నో ఉంటాయి. కరువు వచ్చిన ఏడు, గడీ వెట్టి, రజాకార్ల నాటి పారిపోవడాలు, బొంబాయి, భీవండి వలసలు, దుబాయి ప్రయాణాలు ఇవన్నీ చరిత్రే. ఏ కాగితం మీదా లేని చరిత్ర. రికార్డు చేసేముందు "అవ్వా, నువ్వు చెప్పింది రాసుకుంటం, నలుగురికి వినిపిస్తం, సరేనా?" అని అడగడం మర్యాద. వద్దంటే వదిలివేయాలి. చెప్పినవారి పేరు, వయసు, తేదీ మొదటే చెప్పించి రికార్డు చేయాలి. ఎనభై దాటిన పెద్దలతో మొదలుపెట్టాలి. ఈ పనిని వాయిదా వేస్తే మళ్లీ అడిగే అవకాశం ఉండదు.

కాగితాలు చూసేవారు: నిజాం కాలపు రికార్డు చాలావరకు ఉర్దూలో ఉంటుంది. సేత్వార్లు, పాత పహాణీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకళ్లు, రసీదులు ఇండ్లలో సందూకుల అడుగున ఉన్నాయి. ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషి ఊరికి ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. వారిని సంఘంలోకి పిలవాలి. అసలు కాగితం ఇంటివారి దగ్గరనే ఉండనివ్వాలి. ఫోటో మాత్రం తీసుకోవాలి. తాళపత్రాలు దొరికితే తడిగుడ్డతో తుడవడం, ప్లాస్టిక్ అతికించడం చేయకూడదు. పొడిబట్టలో చుట్టి, రెండు చెక్కల నడుమ కట్టి, తెలిసినవారికి చూపించాలి. ఊళ్ల పేర్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 1974 నాటి శాసనాల పుస్తకంలో పాత తాలూకాల పేర్లు ఉంటాయి. 1985లో మండలాలు వచ్చాయి, 2016లో జిల్లాలు మారాయి. ఏ పాత ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉన్నదో పట్టిక కట్టడం కూడా వీరి పనే.

కబురు చేర్చేవాడు: తహశీల్దారు కార్యాలయం, పోలీసు ఠాణా, పంచాయతీ, రాష్ట్ర వారసత్వ శాఖ, మ్యూజియం, ఈ గడపలన్నీ తెలిసిన మనిషి కావాలి. నోటిమాటగా చెప్పి వస్తే లాభం లేదు. ఫోటో జతచేసి, సర్వే నంబరు వేసి, రెండు నకళ్లు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని రావాలి. డబ్బు లెక్క చూసే కోశాధికారి పని కూడా చిన్న సంఘంలో ఈయనే చూసుకోవచ్చు. చందాల లెక్క ఏటా ఒకసారి గ్రామసభలో చదివి వినిపించాలి.

చట్టం ఏమంటున్నది?

ఈ పనిలో దిగేవారు నాలుగు చట్టాల సంగతి తెలుసుకుని ఉండాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమలులో ఉన్నది. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏది దొరికినా, దాని విలువ పది రూపాయలు మించితే, ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలిపినవారికి చట్టంలో వాటా ఉన్నది. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదోవంతు కలిపి చెల్లించాలని చట్టం చెబుతున్నది. దాచిపెట్టినవారు ఆ వాటా పోగొట్టుకోవడమే కాక శిక్షకు కూడా గురవుతారు. ఈ సంగతి తెలియక భయపడి, రాత్రికి రాత్రి కంసాలి కుంపటిలో కరిగించినవి ఎన్నో!

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేండ్లు దాటిన శిల్పం, నాణెం వంటివి, 75 ఏండ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు. దేశం దాటించడం నేరం. 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తరువాత 200 మీటర్ల మేర అనుమతి తప్పనిసరి. రాష్ట్రంలోని కట్టడాల కోసం 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది.

కనుక సంఘం సభ్యులు ఎట్టి పరిస్థితుల్లోనూ గడ్డపార పట్టకూడదు. తవ్వకం అంటే మట్టిని పొరపొరగా తీస్తూ ఏ పొరలో ఏమి ఉన్నదో రాసుకునే శాస్త్రం. తెలియని చేయి తవ్వితే, దిబ్బ ఉన్నా లేనట్లే. దొరికినదాన్ని సంఘం కార్యాలయంలో దాచుకోవడం, కొనడం, అమ్మడం, బహుమతిగా ఇవ్వడం కూడా నిషిద్ధమనే నియమం పెట్టుకోవాలి. కొత్త చోటు బయటపడితే పేపరుకు ఫోటో ఇవ్వడానికి ముందు అధికారులకు చెప్పడం మంచిది. ఎందుకంటే గుప్తనిధుల ముఠాలు కూడా పేపరు చదువుతాయి. శాసనం నిధి జాడ చెబుతుందనే మూఢనమ్మకంతో నందులను పగలగొట్టినవారు, లింగాలను పెకిలించినవారు ఉన్నారు. శాసనంలో సాధారణంగా ఉండేది ఫలానా చెరువు తవ్వించాం, ఫలానా మడి గుడికి ఇచ్చాం అనే దాన వివరం. పైన చెక్కిన సూర్యచంద్రులకు అర్థం, వారు ఉన్నంతకాలం ఆ దానం నిలవాలని. ఈ ఒక్క మాట ఊరంతటికీ తెలిసేటట్లు చేసినా సంఘం పుట్టినందుకు ఫలితం దక్కినట్లే.

ఒక్క బండ పోతే ఏమి పోతుంది?

గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉన్నది. బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కి, వాటి కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం రాయించారు. పదవ శతాబ్ది నడిమి కాలం నాటిది. రాయించినవాడు జినవల్లభుడు. వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి కొలువులో ఉండి, కన్నడ ఆదికవిగా కీర్తిపొందిన పంపకవికి ఈయన తమ్ముడు. శాసనంలోని తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. నన్నయ భారతం పదకొండవ శతాబ్దిది. అంటే దానికి దాదాపు వందేండ్ల ముందే మన గుట్ట మీద తెలుగు కందం చెక్కబడింది. పంపకవి పూర్వులు వేంగి దేశంలోని కమ్మనాటి వంగిపర్రు వారనే వివరం కూడా ఈ బండే చెబుతున్నది. కన్నడ పండితులు సైతం తమ ఆదికవి వంశం సంగతికి ఈ రాతిని చూడవలసిందే.

కరీంనగర్ గ్రానైటుకు పేరుపొందిన జిల్లా. గుట్ట తరువాత గుట్ట బ్లాకులై లారీల మీద పోవడం మనం చూస్తున్నదే. గ్రానైటు మీద బతికే కుటుంబాలు ఉన్నాయి, కాదనలేము. అయితే ఏ గుట్ట మీద రాత ఉన్నదో, ఏ గుట్ట మీద లేదో లీజు ఇచ్చేముందే తేలాలి గదా. ఆ జాబితా ఊరి సంఘం దగ్గర సిద్ధంగా ఉంటే, ముద్ర వేసిన నకలు చేతిలో ఉంటే, అధికారి ముందు పెట్టి మాట్లాడవచ్చు. బ్లాస్టింగు అయిన తరువాత రాసే అర్జీకి జవాబు ఉండదు.

నీటి కింద పోయినవి వేరే ఉన్నాయి. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీరు ఇప్పుడు కోటిలింగాల దాకా నిలుస్తున్నది. మిడ్ మానేరు కింద ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. సింగరేణి ఓపెన్ కాస్టుల కింద పోయినవి ఇంకొన్ని. ప్రాజెక్టులు వద్దని ఎవరూ అనరు. కాని మునిగిన ఊరి వీధులు, బావులు, బొడ్రాయి, మైసమ్మ గద్దె, పొలాల పేర్లు పునరావాస కాలనీలోని పెద్దలకే తెలుసు. వారితో కూర్చుని పాత ఊరి పటం గీయించడం ఈ సంఘాలు వెంటనే చేపట్టవలసిన పని.

ఆదిలాబాద్ అడవిలో దాగిన అక్షరం

ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో గోండు పెద్దల ఇండ్లలో పాత రాతప్రతులు తరతరాలుగా ఉండేవి. వాటిలోని లిపి దేవనాగరి కాదు, తెలుగు కాదు. గోండి భాషకు సొంతమైన లిపి. దానిని చదవగలిగిన పెద్దలు ఊరిలో కొద్దిమందే మిగిలిన కాలంలో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం ఆ ప్రతులను వెలుగులోకి తెచ్చింది. సుమారు పన్నెండు ప్రతులు లభించాయి. ఆ తరువాత అక్షరాలకు అచ్చు రూపం తయారయింది, పిల్లలకు నేర్పడం మొదలయింది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు లభించింది. దానితో ఆ లిపి ప్రపంచంలోని ఏ కంప్యూటరులోనైనా రాయగలిగేది అయింది. ఆచార్యుల కృషి గొప్పదే. కాని ఆ కాగితాలను చెదలు తినకుండా, పొయ్యిలో పడకుండా ఎవరూ అడగకముందే దాచిపెట్టిన గోండు కుటుంబాలు లేకుంటే పరిశోధకునికి దొరికేదేమీ లేదు.

అదే జిల్లాలో పర్ధానులు కీక్రి వాయిస్తూ గోండుల వంశ కథలు పాడుతారు. ఏ గోత్రం ఎక్కడ నుండి వచ్చింది, ఏ దేవుడు ఎవరిది అన్నది వారి నోట ఉన్న చరిత్ర. జైనథ్ గుడిలోని సంస్కృత శాసనంలో మాళవ దేశపు పరమార వంశీయుడు జగద్దేవుని ప్రస్తావన ఉన్నది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర గోదావరి లోయలో దొరికిన ఎముకలను బట్టి 1988లో శాస్త్రజ్ఞులు ఒక రాక్షసబల్లి జాతికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. మన ఊరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టింది హైదరాబాదు బిర్లా సైన్సు కేంద్రంలో. అందుచేత అడవిలో వింతగా కనిపించే రాయి, రాయిగా మారిన చెట్టు మొద్దు కూడా ఊరి సంఘం జాబితాలోకి రావలసినవే.

ఇతర దేశాల్లోనూ ఇదే దారి

ఇంగ్లాండు, వేల్సు దేశాల్లో 1997 నుండి ఒక పద్ధతి నడుస్తున్నది. రైతు చేనులో గాని, తిరిగేవారికి గాని ఏదైనా పాత వస్తువు దొరికితే, ఆ ప్రాంతంలో దానికోసమే నియమించిన అధికారికి చూపిస్తారు. ఆయన ఫోటో తీసి, దొరికిన చోటు రాసుకుని, చాలావరకు వస్తువును తిరిగి ఇచ్చివేస్తాడు. ఇట్లా పది లక్షలకు పైగా వస్తువుల వివరాలు నమోదయ్యాయి. అక్కడి చట్టం వేరు, మన చట్టం వేరు. వస్తువు ఎవరి దగ్గర ఉండాలనే విషయంలో మనం వారిని అనుసరించలేము. చోటు రాసిపెట్టుకోవడంలో మాత్రం అనుసరించవచ్చు. దానికి ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను.

మొదలుపెట్టడం ఎట్లా?

ముందుగా గ్రామ పంచాయతీలో ఒక తీర్మానం చేయించుకోవడం మంచిది. బడిలోని సాంఘికశాస్త్రం సారును, లైబ్రరీ చూసేవారిని, ఇద్దరు రైతులను, ఇద్దరు మహిళా సంఘం సభ్యులను, ఒక గొల్లకురుమ పెద్దను, కాలేజీలో చదివే ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టాలి. మొదటి నెలలో ఊరిలో పాతవి ఏమేమి ఉన్నాయో జాబితా మాత్రమే కట్టాలి. రెండవ నెలలో ఫోటోలు. మూడవ నెల నుండి పెద్దల మాటలు రికార్డు చేయడం. ఆరు నెలలకు ఒకసారి రిజిస్టరు మొత్తం నకలు తీసి ఒకటి పంచాయతీలో, ఒకటి బడిలో పెట్టాలి. కార్యదర్శి ఇల్లు మారినా, సర్పంచ్ మారినా పుస్తకం పోకుండా ఉంటుంది.

పదవీకాలం రెండేండ్లు అని ముందే అనుకోవాలి. పని చేయలేనివారు మొగమాటం లేకుండా ఇంకొకరికి అప్పజెప్పి తప్పుకోవచ్చు. ఈ సేవకు జీతం లేదు. కొన్నాళ్లకు ఉత్సాహం తగ్గుతుంది, అది సహజం. అందుకనే పని చిన్నదిగా, నెలకు ఒక పూట సరిపోయేదిగా ఉండాలి.

అధికారులు కూడా ఒక మేలు చేయవలసి ఉన్నది. ఊరి నుండి వచ్చిన కబురుకు పదిహేను రోజుల్లో మనిషి వచ్చి చూసి, ఫలానాది ఇది అని రాసి ఇచ్చే ఏర్పాటు చేయాలి. వచ్చి చూసేవారు లేనప్పుడు చెప్పేవారు కూడా మానేస్తారు. ప్రతి మండలానికి ఒక అధికారిని ఈ పనికి గుర్తించి, ఆయన పేరు పంచాయతీ గోడ మీద రాయించినా ఎంతో ఉపకారం.

ఎండాకాలం వస్తే పాటిమట్టి తోలకం మళ్లీ మొదలవుతుంది. ట్రాక్టరు నింపేముందు ఆ దిబ్బ మీద ఒకసారి నడిచి చూసి, కనిపించినవి రాసుకుని, తహశీల్దారుకు ఒక కాగితం పెట్టడానికి ఒక పూట చాలు. సంఘం పెట్టదలచిన ఊళ్లకు ఇంతకంటే మంచి మొదటి పని లేదు.